ఐదో బాన చెంగావి

నేను మొదలుపెట్టిన అల్లికలన్నీ వరసగా పరిస్తే జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా వస్తాయని మా ఆయన అంటుండేవారు. పూర్తి చేసినవి పరిస్తే మన కొట్టు అరుగు కూడా నిండదని దానికో తోక తగిలించేవారు. నాకు ఒళ్ళు మండేది. అబద్ధమైతే నవ్వేసి ఊరుకునేదాన్ని, నిజం కాబట్టే మండేది.

గల్లాపెట్టె పక్కన నా బుట్ట ఉండేది. పెళ్ళయిన ఏడాది ఆయన కోసం మొదలెట్టిన చేతుల్లేని బనీను అందులో ఒక చంక దాకా వచ్చి ఆగిపోయింది. ఒంటికాలి మేజోడు ఒకటుండేది, రెండో కాలిది ఎప్పుడూ రాలేదు. మా అత్తగారికి చలికాలానికని టోపీ మొదలెట్టాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది, టోపీ మాత్రం చెవుల దాకా వచ్చి అక్కడే ఉంది. కొత్త రంగు నూలు కట్ట విప్పితే చాలు, చేతిలో ఉన్నది పక్కన పడేసి సూదులకు కొత్త పోగు ఎక్కించేదాన్ని. ఆరంభశూరత్వం అంటారే, అది నాకు పుట్టుకతో వచ్చింది.

ఆ విద్య నేర్పింది నందిగామలో మా పుట్టింటి పక్క వాటాలో ఉండే నర్సమ్మ. ఆవిడ ఊలుతో అల్లేది. మా ఎండలకి ఊలు ఎవరిక్కావాలి? నేను మా కొట్లో నూలే నాలుగు పోగులు కలిపి పేని, దానితో అల్లేదాన్ని. సైకిలు చువ్వలు అరగదీసి నున్నగా చేసుకుంటే అవే సూదులు. నూలుకొట్టువాడి పెళ్ళాం నూలుతో ఆడుకోవడం, మిఠాయికొట్టువాడి పెళ్ళాం లడ్డూలు తినడం రెండూ ఒకటేనని మా ఆయన అన్నారొకసారి. అప్పుడు నవ్వాను. ఆ మాటలో ఎంత ఉందో తెలిసేసరికి చెయ్యకూడని పని చేసేశాను.

తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన మరుసటి ఏడు అది. పేటకి పక్కనే సరిహద్దు. అవతల నైజాములో గొడవలుగా ఉండి, అక్కణ్ణించి మూటలతో వచ్చిన కుటుంబాలతో ఊళ్ళో అరుగులన్నీ నిండిపోయాయి. నూలు కంట్రోలు మీద ఉండేది. మా ఆయన నూలు కోసం బెజవాడ వెళ్తే వారానికి వచ్చేవారు, ఒక్కోసారి పది రోజులు. అందుకని కొట్లో నేనే కూర్చునేదాన్ని. ఆడది కొట్లో కూర్చోవడమేమిటని మొదట్లో బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే, నూలు దొరకని రోజుల్లో ఒక్క చిలప, అంటే ఒక్క నూలు చుట్ట కోసం నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అది నాకు బాగానే ఉండేది. ఉన్నమాట చెప్పాలిగా, తలకెక్కింది కూడా.

తెల్ల నూలు రాగానే సగం మా ఊరి రంగులాయనకి ఇచ్చేవాళ్ళం. ఆయన దగ్గర పెద్ద మట్టి బానలుండేవి. ఒక బానలో కలిపిన రంగు మళ్ళీ ఇంకో బానలో అలాగే రాదు. ఎంత కొలిచి కలిపినా ఒకటి కాస్త ఇటిక ఛాయ, ఒకటి కాస్త నలుపు ఛాయ తేలుతుంది. ఒక్కో చిలపని చూస్తే తేడా తెలియదు, రెండూ పక్కపక్కన నేస్తే గుడ్డమీద గీత గీసినట్టు కనిపిస్తుంది. అందుకని ఆయన ముంచే ముందే ప్రతి చిలపకీ ఒక కట్టుదారం కట్టి దానికి ముడులు వేసేవాడు. మొదటి బానకి ఒక ముడి, రెండో బానకి రెండు, అలాగ. నేతవాళ్ళు రంగు కంటే ముందు ముడులు చూసుకునేవారు. ఒక చీరకి ఒకే బాన నూలు. మా పేటలో అదొక మాట, దాన్ని ఎవరూ తప్పినట్టు నేను వినలేదు.

చెంగావి రంగు ఆ ఏడు ఐదో బానది కుదిరినట్టు మరేదీ కుదరలేదు.

మా కొట్టుకి ఎప్పుడూ వచ్చే నేతగాడు ఒకాయన ఉండేవాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. మనిషి పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. మాట తక్కువ, మగ్గం మీద చెయ్యి మాత్రం గొప్పదని ఊరంతా అనేది. నేను ఆయన్ని గమనిస్తూ వచ్చాను. చిలప చేతికిస్తే చూపు ఎటో ఉండేది, బొటనవేలు మాత్రం కట్టుదారం మీద నడిచేది. ఒకరోజు పగటివేళ, కొట్లో ఎవరూ లేనప్పుడు అడిగేశాను.

"తాతా, నీకు చూపు ఆనట్లేదు కదూ?"

ఆయన అరుగు మీద కూర్చున్నాడు.

"పొరలొచ్చినయ్ తల్లీ. రెండిటికీ. ఎలుతురూ చీకటీ తెలుస్తయ్, రంగులు తెలవ్వు. నా ఇంటిదానికీ నాకూ తప్ప ఎవరికీ తెలవదు. ఇప్పుడు నీకు. ఊళ్ళో తెలిస్తే నాకు చీర చెప్పేవాడుండడు. నీ కడుపులో పెట్టుకో."

"నాకెందుకు తాతా చెప్పడం. కానీ ఎట్లా నేస్తున్నావు?"

"ఏళ్ళతో." చేతులు నా ముందు చాపాడు. "తెగిన పోగు కంటికంటే ముందు ఏలికే తెలుస్తది. రంగు సంగతి ముడి చెప్తది. ఈ ఏళ్ళున్నన్నాళ్ళు నాకేం బయం లేదు."

నా కడుపులోనే పెట్టుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను.

తరవాత కొన్నాళ్ళకి ఆయనకి మంచి పని వచ్చింది. నందిగామలో మా పుట్టింటికి రెండిళ్ళ అవతల ఒక ఆసామి ఇల్లుంది. ఆ ఇల్లాలు కొత్తింటి గృహప్రవేశానికి చెంగావి చీర చెప్పింది. ఇది నచ్చితే ఇంట్లో ఆడవాళ్ళందరి చీరలూ ఆయనకే ఇస్తానంది. ఆయన ఐదో బాన చిలపలు తీసుకున్నాడు. అంతకు ముందే ఆయన భార్య కూతురి పురిటికని మైలవరం వెళ్ళింది, అందుకని నూలు కండెలు కూడా తనే చుట్టుకుంటున్నాడు, రంగు చూసి చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు.

"పేకకి నూలెంత పడుద్దో ఇదివరకులా చెప్పలేను తల్లీ. ఐదో బానవి ఇంకో రెండు చిలపలు నా పేరు మీద పక్కన పెట్టు. చాలకపోతే వస్తా."

"మాటంటే మాట తాతా. ఎవరడిగినా ఇవ్వను" అన్నాను. పై అరలో పెట్టాను కూడా. అప్పటికి ఐదో బానవి మా కొట్లో అవే ఆఖరు. ఆరో బానవి వచ్చేశాయి.

ఎవరడిగినా ఇవ్వనన్నాను. ఎవరూ అడగలేదు.

మా చెల్లెలికి నందిగామలో కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు బారసాల. కబురు రాగానే అంతకుముందే నా బుట్టలో దాచుకున్న ఒక్క ఐదో బాన చిలపతో చంటివాడికి చొక్కాయి మొదలెట్టాను. ఏమిటో, ఈసారి చెయ్యి ఆగలేదు. వెనకభాగం అయింది, ముందు రెండు రెక్కలూ అయ్యాయి. మా ఆయన బుట్టలోకి తొంగి చూసి, "ఏమిటీ, ఇది ముగింపు దాకా వచ్చేట్టుందే" అన్నారు. ఒక చెయ్యి అల్లడం అయ్యేసరికి నూలు అయిపోయింది. రెండో చెయ్యీ మెడపట్టీ మిగిలాయి. ఆరో బాన పోగు పక్కన పెట్టి చూశాను. తేడా తెలిసిపోతోంది.

పై అరకేసి చూడటం మొదలెట్టాను. ఒకరోజంతా చూస్తూనే ఉన్నాను. తాతకి అవి అవసరం పడకపోవచ్చు కదా అనుకున్నాను. అంత పనిమంతుడు లెక్క తప్పుతాడా అనుకున్నాను. కళ్ళు కనపడనివాడు లెక్క తప్పవచ్చనే సంగతి నాకు తెలుసు, అయినా అలాగే అనుకున్నాను. మర్నాడు ఒక చిలప దింపి, కట్టుదారం పళ్ళతో కొరికి పారేశాను. ఎలాగూ ఒకటి పోయిందని రెండోదీ తీసి టోపీ కూడా అల్లేశాను. సిగ్గులేనితనం ఒకసారి మొదలైతే అందులో మాత్రం నాకు ఆరంభశూరత్వం లేదు.

నాలుగో రోజు తాత వచ్చాడు.

"నెయ్యాల్సింది రెండు గజాలు మిగిలింది తల్లీ. ఆ చిలపలియ్యి."

అయిపోయాయని చెప్పొచ్చు. చెబితే ఆయన రంగులాయన దగ్గరికో, ఇంకో కొట్టుకో పోయి ఐదో బానవి వెతుక్కునేవాడు, ఎవరి మగ్గం దగ్గరైనా మిగిలిందేదో తెచ్చుకునేవాడు. నేను మాట తప్పానని కూడా తెలిసేది. అల్లికల పిచ్చిదని ఊరంతా నవ్వేది. ఆ నవ్వుకి భయపడ్డాను. అంతకుమించి కారణం లేదు, వెతికినా దొరకదు.

"కూర్చో తాతా, తీసిస్తా" అని లోపలికి వెళ్ళాను. ఆరో బాన చిలపలు రెండు తీసి వాటి కట్టుదారాలు తెంపాను. నా బుట్టలోంచి చెంగావి దారం రెండు ముక్కలు కత్తిరించి ఒక్కోదానికీ ఐదు ముడులు వేసి చిలపలకి కట్టాను. ముడులు వెయ్యడం నాకు బాగా వచ్చు.

తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలు దారం మీద నడిచింది. పెదాలు కదులుతున్నాయి. ఐదు దగ్గర ఆగి తల ఊపాడు.

"నువ్వు మాట మీద నిలబడే మనిషివి తల్లీ" అని వెళ్ళిపోయాడు.

బారసాలకి బొగ్గుతో నడిచే బస్సెక్కి నందిగామ వెళ్ళాను. పిల్లవాడికి చొక్కాయీ టోపీ తొడిగారు. వచ్చినవాళ్ళంతా ముట్టుకుని చూశారు. మా అమ్మ, "ఇన్నాళ్ళకి ఒక్కటి పూర్తి చేశావే" అని నా బుగ్గ గిల్లింది. పొంగిపోయాను. ఆ పూట నేను నిజంగా సంతోషంగానే ఉన్నాను, అది కూడా చెప్పుకోవాలి.

ఆ ఆసామి ఇల్లాలు పిల్లవాణ్ణి చూడ్డానికి వచ్చింది. చంకలో మడత పెట్టిన చీర ఉంది.

"ఏమ్మా, పేటలో నూలుకొట్టు మీదేనటగా. ఇటు రా, ఎండలోకి రా" అంది.

వాకిట్లో చీర విప్పి పట్టుకుంది. పైనుంచి చెంగావి చక్కగా వచ్చి, చివరి రెండు గజాలూ వేరే రంగు. మధ్యన అడ్డంగా గీత. అంత స్పష్టంగా ఉంటుందని నేను కూడా అనుకోలేదు.

"నూలు మంచిదే. మీ కొట్టుని అనడం లేదు. నేసినాయనకే చూపు ఆనట్లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నాడని మా పాలేరు చెబితే నేను నమ్మలా. గృహప్రవేశానికి ఇది కట్టుకుని పీటలమీద కూర్చుంటానా? తిరగ్గొడుతున్నా. ఇంక ఆయనకిచ్చేది లేదు."

మా చెల్లెలు పిల్లవాణ్ణి ఎత్తుకుని పక్కన నిలబడింది. చీర పైభాగాన్ని చొక్కాయి చేతికి ఆనించి చూసింది.

"అక్కా, చూశావా, ఇది మావాడి చొక్కాయి రంగే. ఒక్కలాగే ఉంది."

దానికేం తెలుసు పాపం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబుక్కున, "చెంగావి అన్నాక అన్నీ ఒకలాగే ఉంటాయి" అన్నాను.

ఆ ఇల్లాలు నవ్వింది. "అన్నీ ఒకలాగే ఉంటే నాకు ఈ చీరతో పేచీ ఏముందమ్మా?"

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరూ నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేది. అప్పుడు ఒప్పుకునేదాన్నేమో.

తిరుగు బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తాతా, తప్పు నాది. నీ చిలపలు నేనే వాడుకున్నాను. ఆ ముడులు నేనే వేశాను. నందిగామ వెళ్ళి ఆవిడతో కూడా చెబుతాను, చీర నూలు ఖర్చు నేనే పెట్టుకుంటాను. పేటలో దిగేసరికి నోటికి వచ్చేసింది. ఇంటికి వెళ్ళగానే మా ఆయన అడిగారు.

"నేతాయన చీర తిరిగొచ్చిందట. ముడి చూసే ఇచ్చావా?"

"చూసే ఇచ్చాను" అన్నాను. బస్సులో కూర్చుకున్నవన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

మర్నాడు పొద్దున్న తాత తనే వచ్చాడు. నేను గల్లా దగ్గర ఉన్నాను. మా ఆయన వెనక కట్టలు విప్పుతున్నారు, వినిపించేంత దూరంలోనే. తాత అరుగు మీద కూర్చుని ఉత్తరీయం కొంగు ముడి విప్పాడు. అందులో చిలప కట్టుదారం ఉంది. నేను కట్టిందే.

"తగువుకి రాలేదు తల్లీ. రంగులాయన ముడి ఎన్నడూ తప్పలా. మీ కొట్టూ తప్పు ఇయ్యదు. ఇంక మిగిలింది నేనే. నేను ఐదనుకున్నా. మళ్ళీ మళ్ళీ చూశా, ఐదే తగుల్తన్నయ్. ఇంకెవర్ని అడగను? నీకైతే నా సంగతి తెలుసు. నీ కళ్ళతో చూసి చెప్పు."

దారం నా అరచేతిలో పెట్టాడు. ఐదు ముడులు. రంగులాయన వేసినవైతే తడికి బిగిసి గింజల్లా ఉంటాయి. ఇవి పొడిగా, వదులుగా, నావి అని తెలిసిపోతున్నాయి. వెనక కట్టలు విప్పే చప్పుడు ఆగింది. ఐదని చెబితే తాత వేళ్ళు నిజం, నేను దొంగ. అంతే. మధ్యలో ఇంకేమీ లేదు.

"ఆరు" అన్నాను. "ఆరున్నాయి తాతా."

ఆయన దారం తీసుకున్నాడు. బొటనవేలితో మొదట్నించీ లెక్కపెట్టాడు. ఐదు దగ్గర ఆగాడు. తరవాత ఆ వేలు ముందుకి వెళ్ళి, ఉత్త దారం మీద నెమ్మదిగా, గోటితో గీకుతూ వెతికింది.

"ఇక్కడుందా?" అని అడిగాడు.

"ఉంది" అన్నాను.

ఇంకోసారి తడిమాడు. నన్ను అనుమానిస్తాడని చూశాను. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు, కనపడకపోయినా.

"అయితే ఏళ్ళు కూడా పోయినయ్యన్నమాట" అన్నాడు.

కోపం లేదు ఆ మాటలో. ఎవరో పెద్దవాళ్ళు పోయారని కబురు వస్తే అన్నట్టుగా అన్నాడు. దారం అరుగు మీదే వదిలేసి, లేచి, గోడ పట్టుకుని వెళ్ళాడు. అంతకు ముందు మా కొట్టుకి వచ్చినప్పుడెప్పుడూ ఆయన గోడ పట్టుకోలేదు. మా ఆయన ముందుకొచ్చి ఆ దారం తీసి చూశారు. ఒక్కొక్క ముడీ వేలుపెట్టి లెక్కపెట్టారు. ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ నా అల్లికల మీద హాస్యమాడలేదు.

నెల తిరక్కుండా తాత మగ్గం విప్పేశాడు. ఆయన భార్య మైలవరం నుంచి వచ్చి, సామాను సర్దింది. ఇద్దరూ కూతురి దగ్గరికి వెళ్ళిపోయే రోజు, చెప్పిపోదామని ఆవిడ కొట్టుకి వచ్చింది. ఆయన బండిలో కూర్చుని ఉన్నాడు, దిగలేదు. నేను బయటికి వెళ్ళలేదు. వెళ్తే చెప్పాల్సి వస్తుందని భయం, చెప్పలేనని ఇంకా భయం. బియ్యం కాసిని మూటకట్టి ఆవిడ చేతిలో పెట్టాను. చేసినదానికి బియ్యమిచ్చాను.

"కళ్ళు పోయినప్పుడు కూడా ఇట్టా అవలా తల్లీ" అందావిడ. "ఇప్పుడు దేన్నీ నమ్మట్లేదు. కంచంలో చెయ్యి పెట్టి, అన్నం తగుల్తానే ఉంటది, అయినా నన్నడుగుతన్నాడు, ఇక్కడ అన్నం ఉందా అని."

ఉందని చెప్పు అన్నాను. ఆవిడ బండెక్కింది. ఐదే ముడులు తాతా, అని ఆ వాకిట్లోకి వెళ్ళి అనడానికి నాకు చాలా టైముంది. బండి మలుపు తిరిగేదాకా ఉంది.